షరతు తప్పిననాడు పక్కన నిలిచేదెవరు? నూజివీడు సీమలో ప్రొబేషన్ చరిత్ర

నేరం రుజువైన మనిషిని వెంటనే జైలుకు పంపకుండా, ఇకమీదట బుద్ధిగా ఉంటానని, పిలిచిన రోజు వచ్చి శిక్ష అనుభవిస్తానని బాండు రాయించుకుని ఊళ్లోనే ఉండనివ్వడం ప్రొబేషన్. అతను దోషి అని కోర్టు తేల్చేసింది. శిక్ష మాత్రం ఆగి ఉంది. బాండులోని షరతు తప్పితే ఆ శిక్ష మళ్లీ ముందుకొస్తుంది. మన దేశంలో ఈ పద్ధతి 1898 నుంచి చట్టంలో ఉంది. షరతు తప్పినవాడి మాట విన్నాకే శిక్ష వేయాలన్న నియమమూ ఆనాటిదే. ఆ మాటను కోర్టుకు అర్థమయ్యేలా చెప్పే వకీలు పేదవాడికి ఉచితంగా దొరకడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల మామిడి సీమలో చిన్న నేరాల కేసులు నడిచిన దారిని చూస్తే ఈ ఆలస్యం విలువ తెలుస్తుంది.

జమీందారీ కాలం

నూజివీడు అప్పారావుల జమీందారీకి రాజధాని. ఈ సీమలో రసాలు, బంగినపల్లి తోటలు విస్తరించింది ఆ ఎస్టేటు నీడలోనే. న్యాయం కోసం వెచ్చించగలిగినవారికి ఆ రోజుల్లోనూ వకీళ్లకు కొదవ లేదు. నూజివీడు ఎస్టేటు అవిభాజ్యమా, అన్నదమ్ములు పంచుకోదగినదా అన్న వివాదం 19వ శతాబ్దం చివర్లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. అదే ఎస్టేటులో కాయలు దొంగిలించి పట్టుబడిన కూలీ సంగతి వేరు. అతని కేసు మేజిస్ట్రేటు ముందు ఒకటి రెండు వాయిదాల్లో తేలిపోయేది. జైలు కాకుంటే కొరడా దెబ్బలు. దొంగతనానికి జైలుకు బదులు కొరడా శిక్ష వేసే వీలు 1864 నాటి కొరడా శిక్షల చట్టం కల్పించింది. ఆ శిక్ష 1955లో గానీ రద్దు కాలేదు.

మొదటిసారి తప్పు చేసినవాణ్ణి జైలుకు పంపితే అక్కడి పాత నేరస్తుల సావాసంతో మరింత చెడతాడన్న ఆలోచన అప్పటికే పడమటి దేశాల్లో బలపడుతోంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పుల తయారీదారు 1841లో ఒక తాగుబోతుకు తానే పూచీ ఉండి కోర్టు నుంచి విడిపించాడు. 1859లో చనిపోయేదాకా అలా వందల మందికి జామీను నిలిచాడు. మసాచుసెట్స్ రాష్ట్రం 1878లో దీనికి చట్టరూపం ఇచ్చింది. ఇంగ్లండు 1887లో తొలి నేరస్తుల ప్రొబేషన్ చట్టం చేసింది. ఆ గాలి పదకొండేళ్లకు ఇక్కడికీ వీచింది.

1898: సెక్షన్ 562, 563

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 562వ సెక్షన్ చేరింది. దొంగతనం, మోసం, సొమ్ము స్వాహా చేయడం వంటి నేరాలకు, రెండేళ్లకు మించని శిక్ష ఉన్న ఇతర నేరాలకు ఇది వర్తించేది. అంతకుముందు శిక్ష పడనివాడైతే, వయసు, నడవడి, తప్పు చేసిన పరిస్థితులు చూసి బాండు మీద వదిలిపెట్టవచ్చు.

పల్లెటూళ్లలో దీనికి మొదటి ఆటంకం మేజిస్ట్రేటు హోదా దగ్గరే వచ్చింది. మద్రాసు రాజధానిలో చిన్న కేసులు విచారించేది చాలావరకు తహసీల్దార్లు, సబ్ మేజిస్ట్రేట్లు. వాళ్లకున్నవి రెండో, మూడో తరగతి అధికారాలు. ప్రత్యేక అధికారం లేని మేజిస్ట్రేటు ఈ సెక్షన్ వాడాలనుకుంటే తన అభిప్రాయం రాసి, కాగితాలన్నీ మొదటి తరగతి మేజిస్ట్రేటుకో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో పంపాలి. అంత శ్రమ పడటం కన్నా పది రోజులో నెల రోజులో శిక్ష వేసి ఫైలు మూయడం సులువు. పట్టుబట్టి అడిగే ప్లీడరు ఉన్న ముద్దాయికే 562 అక్కరకొచ్చే అవకాశం ఎక్కువ.

షరతు తప్పితే ఏం జరగాలో 563వ సెక్షన్ చెప్పింది. షరతు తప్పాడని కోర్టుకు నమ్మకం కలిగితే వారెంటు ఇవ్వవచ్చు. పట్టుకొచ్చాక రిమాండుకు పంపవచ్చు, లేదా తగిన జామీను మీద బెయిలు ఇవ్వవచ్చు. కేసు విన్న తర్వాత శిక్ష వేయవచ్చు. అప్పటి చట్టంలో ఉన్నవి ఈ దారులే. సమన్లు పంపి పిలిపించే పద్ధతి గానీ, చిన్న జరిమానాతో సరిపెట్టి బాండు కొనసాగించే వీలు గానీ లేవు. క్రిమినల్ కోర్టులో నిందితుడు ప్లీడరును పెట్టుకోవచ్చని అదే కోడ్‌లోని 340వ సెక్షన్ చెప్పింది. ఫీజు ఎవరిస్తారన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

విచారణే లేని షరతులు

అదే కాలంలో తెలుగు నేల మీద మరో రకం షరతులూ అమలయ్యాయి. నేరస్త జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకల వంటి కులాలను కులంగానే నేరస్తులుగా ప్రకటించి, పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకునేవారు. చాలామందిని సెటిల్‌మెంట్లకు తరలించారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి సెటిల్‌మెంట్లు అలాంటివే. హాజరు వేయించుకోవాలి. పాసు లేకుండా పొలిమేర దాటకూడదు. దాటితే శిక్ష.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 562 కింద బాండు రాసినవాడు నేరం చేసినట్టు కోర్టులో రుజువైంది. అయినా షరతు తప్పాడన్నప్పుడు అతని మాట వినాలని చట్టం చెప్పింది. సెటిల్‌మెంటులో ఉన్నవాడి మీద ఏ నేరమూ రుజువు కాకపోవచ్చు. అయినా తమ కులాన్ని నేరస్త జాతిగా ప్రకటించడం చెల్లదని కోర్టులో వాదించడానికి లేదు. ఆ తలుపును చట్టమే మూసేసింది. మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో తీసేసింది, దేశమంతటా 1952లో రద్దయింది. హాజరు అంటే, పోలీసు రిజిస్టరు అంటే ఇక్కడి పేదల్లో నాటుకున్న బెదురు మాత్రం చట్టంతోపాటు పోలేదు. సాయం చేయడానికి వచ్చిన ప్రొబేషన్ అధికారిని కూడా నిఘా పెట్టేవాడిగానే చూడటానికి ఈ గతం ఒక కారణం.

ప్రొబేషన్ అధికారి రాక

సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన పనిచేసిన 1919–20 భారత జైళ్ల కమిటీ, ఖైదీని సంస్కరించడం కూడా జైలు పనేనని గట్టిగా చెప్పింది. కార్డ్యూ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి. ఆ తర్వాత 1923లో 562వ సెక్షన్ పరిధి పెరిగింది. 21 ఏళ్లు నిండినవారికి ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లోనూ, 21 ఏళ్లలోపువారికి, స్త్రీలకు మరణశిక్షో యావజ్జీవ ద్వీపాంతరమో పడని నేరాలన్నిటిలోనూ బాండు మీద విడుదల సాధ్యమైంది. చిన్న కేసుల్లో మందలించి వదిలేసే అధికారమూ అప్పుడే వచ్చింది.

ఇంతవరకూ బాండు రాసినవాణ్ణి చూసుకునేవారు ఎవరూ లేరు. దేశమంతటికీ ఒకే ప్రొబేషన్ చట్టం తేవాలని 1931లో ముసాయిదా తయారైనా అది ముందుకు సాగలేదు. రాష్ట్రాలే చట్టాలు చేసుకోవచ్చని తర్వాత ప్రభుత్వం తేల్చింది. మద్రాసు ముందడుగు వేసి 1936 నాటి మద్రాసు ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం తెచ్చింది. అది 1937లో మూడో నంబరు చట్టంగా అచ్చయింది. నూజివీడు సీమ దీని పరిధిలోకి వచ్చింది. నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణకు ఇలాంటి చట్టం 1953లో గానీ రాలేదు. మద్రాసు చట్టంతో ప్రొబేషన్ అధికారి అనే ఉద్యోగి కోర్టుకూ దోషికీ మధ్యకు వచ్చాడు. ఇల్లు, పని, సావాసాలు విచారించి కోర్టుకు నివేదిక ఇవ్వడం, విడుదలైన తర్వాత కనిపెట్టుకుని ఉండటం అతని పని. షరతు తప్పినట్టు కోర్టుకు ముందుగా రాసేదీ ఇకనుంచి అతనే.

1958 చట్టం

స్వాతంత్ర్యం తర్వాత పార్లమెంటు 1958 మే నెలలో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం చేసింది. ఆ సంవత్సరం చట్టాల్లో దాని నంబరు 20. ఈనాటికీ నడుస్తున్నది అదే.

మూడో సెక్షన్ కింద చిన్న దొంగతనం, మోసం వంటి కేసుల్లో మందలించి వదిలేయవచ్చు. నాలుగో సెక్షన్ కింద మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకుంటే మూడేళ్లకు మించని గడువుతో బాండు రాయించుకోవచ్చు. దోషికో జామీనుదారుకో స్థిరమైన నివాసమో, నిలకడైన పనో ఉందని కోర్టు చూసుకోవాలి. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ కూడా అవసరమనుకుంటే అది ఏడాదికి తగ్గకూడదు. ఎక్కడ ఉండాలి, మత్తుకు దూరంగా ఉండాలి వంటి షరతులు పెట్టవచ్చు. ఆ షరతులను దోషికి కోర్టే విడమరిచి చెప్పాలి. ఆర్డరు నకలు దోషికి, జామీనుదార్లకు, ప్రొబేషన్ అధికారికి తలా ఒకటి ఇవ్వాలి. 21 ఏళ్లలోపువారికి ఆరో సెక్షన్ మరింత రక్షణ ఇచ్చింది. అధికారి నివేదిక తెప్పించుకోకుండా, కారణాలు రాయకుండా వాళ్లను జైలుకు పంపకూడదు.

ఈ చట్టాన్ని ఎలా చదవాలో తొలినాళ్లలో తేల్చినవారిలో ఒక తెలుగు న్యాయమూర్తి ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. రతన్‌లాల్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసు 1964లో ఆయన ఉన్న ధర్మాసనం ముందుకు వచ్చింది. ముద్దాయికి పదహారేళ్లు. కింది కోర్టు శిక్ష వేసేనాటికి అతని ప్రాంతంలో 1958 చట్టం ఇంకా అమల్లోకే రాలేదు. అయినా పై కోర్టులు ఆ చట్టం మేలును అతనికి ఇవ్వవచ్చని మెజారిటీ తీర్పు రాస్తూ సుబ్బారావు చెప్పారు. శిక్ష కన్నా దిద్దుబాటుకు పెద్దపీట వేసిన చట్టాన్ని ఆ ఉద్దేశం నెరవేరేలా చదవాలన్నది ఆ తీర్పు సారం.

షరతు తప్పితే: తొమ్మిదో సెక్షన్

షరతు తప్పినవారి గురించి చెప్పేది తొమ్మిదో సెక్షన్. 1898 నాటి 563తో పోలిస్తే ఇందులో రెండు మార్పులు ముఖ్యం. మొదటిది, కోర్టు వారెంటే ఇవ్వనక్కర్లేదు. దోషికీ జామీనుదార్లకూ సమన్లు పంపి పిలిపించవచ్చు. రెండోది, విచారణలో షరతు తప్పినట్టు తేలినా, అది మొదటిసారి అయితే యాభై రూపాయలకు మించని జరిమానా వేసి బాండును కొనసాగించవచ్చు. ఆ డబ్బు గడువులోగా కట్టకపోతేనో, కోర్టు తొలుతే అలా నిర్ణయిస్తేనో అసలు నేరానికి శిక్ష పడుతుంది. 1958లో రాసిన ఆ యాభై రూపాయల అంకె చట్టంలో నేటికీ మారలేదు.

మామిడి సీమలో షరతు ఎలా తప్పుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ముసునూరు వైపు తోటలో పందొమ్మిదేళ్ల కుర్రాడు రెండు పెట్టెల రసాలు ఎత్తుకుపోతూ కాపలాదారుకు దొరికాడు. దొంగతనం కేసులో నేరం రుజువైంది. మొదటి తప్పు, చిన్న వయసు కాబట్టి కోర్టు రెండేళ్ల బాండు మీద విడిచిపెట్టింది. మేనమామ జామీను ఉన్నాడు. ఊరు విడిచి పోకూడదు, నెలనెలా ప్రొబేషన్ అధికారికి కనిపించాలి అన్నవి షరతులు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోతలు కాబట్టి ఊళ్లో పని ఉంటుంది. చిక్కంతో కాయ దించడం, సైజుల వారీగా ఏరడం, నున్న మార్కెట్‌కు వెళ్లే లారీలకు ఎత్తడం. తొలకరి పడ్డాక తోటలు ఖాళీ. ఇంటి అప్పు తీర్చడానికి కుర్రాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లాడు. మూడు నెలలు అధికారికి కనిపించలేదు. అధికారి కోర్టుకు రాశాడు. సమన్లు తీసుకొచ్చిన పోలీసుకు ఇల్లు తాళం వేసి కనిపించింది. ఆ తర్వాత వచ్చింది వారెంటు.

ఇందులో కొత్త నేరం ఏదీ లేదు. తోటపని రుతువును బట్టి నడుస్తుంది, బాండు గడువు క్యాలెండరును బట్టి నడుస్తుంది. పూత కాలంలో మందులు కొట్టే పని, కోతల్లో పెట్టెల పని, మిగతా నెలల్లో వలస. ‘ఊరు విడవరాదు’ అన్న షరతు ఇలాంటి బతుకులో ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. ఇలాంటి చిక్కు వస్తుందని చట్టానికి తెలుసు. అందుకే ఎనిమిదో సెక్షన్‌లో విరుగుడు ఉంచింది. ప్రొబేషన్ అధికారి దరఖాస్తు పెడితే కోర్టు షరతులను మార్చవచ్చు, గడువు తగ్గించవచ్చు. మూడేళ్లు దాటకుండా పెంచనూ వచ్చు. నడవడి బాగుందనిపిస్తే బాండునే రద్దు చేయవచ్చు. హైదరాబాద్ బస్సెక్కే ముందు ఆ దరఖాస్తు పడి ఉంటే వారెంటు వచ్చేదే కాదు. ఆ మాట కుర్రాడికి చెప్పేవారు లేకపోవడమే అసలు లోటు.

వకీలు ఖర్చు ఎవరిది?

బ్రిటిష్ కాలంలో పేద ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరికేది హత్య వంటి ఘోర నేరాల సెషన్స్ కేసుల్లోనే. 1973 నాటి కొత్త కోడ్ 304వ సెక్షన్‌లో సెషన్స్ విచారణలన్నిటికీ దీన్ని విస్తరించింది. మేజిస్ట్రేటు కోర్టులకు కూడా వర్తింపజేసే పనిని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. ప్రొబేషన్ బాండ్లు ఎక్కువగా పుట్టేది, తెగేది మేజిస్ట్రేటు కోర్టుల్లోనే కాబట్టి ఈ సెక్షన్ వాటిదాకా రాలేదు.

దారి తెరిచింది రాజ్యాంగం. 1976 నాటి 42వ సవరణతో 39ఎ అధికరణం చేరి, ఉచిత న్యాయసాయం ప్రభుత్వ బాధ్యత అయింది. సుప్రీంకోర్టు 1978లో ఎం.హెచ్. హోస్కోట్ కేసులోనూ, 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులోనూ పేద ముద్దాయికి వకీలు లేకుండా జరిగే విచారణ న్యాయమైన విచారణ కాదని చెప్పింది. ఈ హక్కు ఉందన్న సంగతిని నిందితుడికి మేజిస్ట్రేటే చెప్పాలని 1981లో ఖత్రి కేసులో తేల్చింది. 1986లో సుఖ్ దాస్ కేసులో మరో మెట్టు ఎక్కింది. ముద్దాయి నోరు తెరిచి అడగలేదన్న సాకుతో న్యాయసాయం ఎగ్గొట్టకూడదంది. రెండేళ్ల శిక్ష పడిన చిన్న కేసులో వచ్చిన తీర్పు అది. మేజిస్ట్రేటు కోర్టుల్లోని మామూలు ముద్దాయిలకు ఎక్కువగా పనికొచ్చిందీ అదే.

పార్లమెంటు 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చేసింది. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా సంస్థల కింద ఆంధ్రప్రదేశ్‌లో మండల న్యాయ సేవాధికార కమిటీలు ఏర్పడ్డాయి. స్థానిక కోర్టులోని సీనియర్ న్యాయాధికారి వాటికి అధ్యక్షుడు. పన్నెండో సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. వారెంటు మీద పట్టుబడి కస్టడీలో ఉన్న బాండుదారు ఏ కులమైనా, ఏ ఆదాయమైనా ఈ సాయానికి అర్హుడే. 1898లో మొదలైన ఈ విచారణకు వకీలు తోడైంది అప్పుడే.

వకీలు చేసే పని

షరతు తప్పిన కేసులో వకీలు పని అసలు కేసులో పనిలా ఉండదు. నేరం జరిగిందా లేదా అన్న వాదన అప్పటికే ముగిసింది. ఇప్పుడు తేలాల్సినవి మూడు: షరతు నిజంగా తప్పాడా, ఎందుకు తప్పాడు, దానికి ఏం చేయడం సబబు?

మొదటి పని వారెంటు సంగతి చూడటం. పోలీసులు తీసుకెళ్లేలోగా దోషి తానే కోర్టుకు వచ్చి, వారెంటు వెనక్కి తీసుకోవాలని అర్జీ పెట్టుకుంటే కోర్టు నమ్మకం కొంత నిలుస్తుంది. పట్టుబడ్డాక అయితే తొమ్మిదో సెక్షన్ కిందనే బెయిలు అడగాలి. జామీను లేకుండానైనా బెయిలు ఇచ్చే వీలు ఆ సెక్షన్‌లో ఉంది.

రెండో పని ఆర్డరు నకలు తెప్పించి చదవడం. షరతులు దోషికి విడమరిచి చెప్పారా, నకలు చేతికిచ్చారా, షరతు అస్పష్టంగా ఉందా అన్నవి ఇక్కడే తేలతాయి. మూడోది సాక్ష్యం. పనిచేసిన చోటి మేస్త్రీ మాట, ఆసుపత్రి చీటీలు, అధికారికి చేసిన ఫోన్లు షరతు తప్పడానికి కారణం చెబుతాయి. ప్రొబేషన్ అధికారితో మాట్లాడటం కూడా ఇందులో భాగమే. పని చూపించడం, సలహా ఇవ్వడం కూడా చట్టం ప్రకారం అతని విధులే కాబట్టి షరతు మార్చమన్న దరఖాస్తు అతని చేతి మీదుగానే వెళ్లాలి.

చివరి వాదన శిక్ష మీద. మొదటి పొరపాటు కాబట్టి జరిమానాతో సరిపెట్టి బాండు కొనసాగించాలని అడగడం మామూలు. ఇక్కడ ప్రొబేషన్ చట్టంలోని పన్నెండో సెక్షన్ విలువ కోర్టుకు గుర్తుచేయాల్సి ఉంటుంది. ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి ఆ దోషనిర్ధారణ వల్ల ఇతర చట్టాల కింద వచ్చే అనర్హతలు అంటవు. తర్వాత అసలు నేరానికి శిక్ష పడితే ఈ రక్షణ పోతుంది. రక్షణ ఉన్నంతకాలమూ దోషనిర్ధారణ చెరిగిపోదని సుప్రీంకోర్టు 1990లో బక్షీరామ్ కేసులో స్పష్టం చేసింది. ప్రభుత్వోద్యోగి మీద శాఖాపరమైన చర్యకు అది అడ్డు కాదు. జైలు శిక్షే పడితే పై కోర్టుకు వెళ్లి శిక్ష నిలుపుదల కోరవచ్చు.

జామీనుదారుకూ వకీలు కావాలి. బాండు జప్తు అయితే అతనికి విడిగా నోటీసు వస్తుంది. కారణం చూపితే కోర్టు మొత్తంలో కొంత తగ్గించవచ్చు. కట్టకపోతే, వసూలు కాకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు. మేనల్లుడి కోసం సంతకం పెట్టిన రైతుకు ఈ సంగతి నోటీసు వచ్చాక తెలిస్తే లాభం లేదు.

అమెరికాలో ఇదే ప్రశ్నకు సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. ప్రొబేషన్ తీసేసి, అంతదాకా ఆపిన శిక్షను ఖరారు చేసే సందర్భంలో వకీలు ఉండాలని 1967లో మెంపా వర్సెస్ రే కేసు చెప్పింది. ప్రొబేషన్ రద్దుకు ముందు విచారణ తప్పనిసరి అని, వకీలు అవసరమా అన్నది కేసును బట్టి తేల్చాలని 1973లో గాగ్నన్ వర్సెస్ స్కార్పెల్లి కేసు చెప్పింది. ఇక్కడ కస్టడీలో ఉన్నవాడికి వకీలు కేసుకేసుకూ తేల్చే విషయం కాదు, చట్టం రాసిచ్చిన హక్కు. చట్టం మాట వరకు మన ఏర్పాటే మెరుగు.

బైండోవర్ వేరు

ఈ సీమలో బాండు అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ప్రొబేషన్ కాదు, బైండోవర్. సారా కాసేవారిని, గొడవలకు దిగేవారిని, పాత నేరస్తులను తహసీల్దారు ముందు హాజరుపరిచి బాండు రాయించడం పోలీసు, ఎక్సైజు శాఖలకు అలవాటైన పని. ఇది నేరం రుజువైనందుకు కాదు, ముందు జాగ్రత్తగా రాయించేది. రాయించుకునేది న్యాయాధికారి కాదు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. తప్పితే పడే భారం మాత్రం చిన్నది కాదు. బాండు మొత్తం జప్తు కావచ్చు, జైలు మాటా రావచ్చు. తమిళనాడులో ఇలా బాండు తప్పారంటూ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లే జైలుకు పంపుతుండగా, ఆ పని న్యాయ మేజిస్ట్రేటు చేయాల్సిందని మద్రాసు హైకోర్టు 2023 మార్చిలో చెప్పింది. మన రాష్ట్రానికి ఆ తీర్పు కట్టుబాటు కాకపోయినా వాదనలో చూపించదగినదే. చేతిలో ఉన్నది ఏ బాండు అన్నది తేల్చుకున్నాకే వకీలు ఏ కోర్టుకు వెళ్లాలో తెలుస్తుంది.

కొత్త చట్టాల తర్వాత

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. విస్సన్నపేట, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. 1973 కోడ్ స్థానంలో 2024 జులై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 562 వారసత్వంగా వచ్చిన 360వ సెక్షన్ ఇప్పుడు 401. 304వ సెక్షన్ 341 అయింది. 1958 ప్రొబేషన్ చట్టం అలాగే ఉంది.

అదే రోజు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజసేవ కొత్త శిక్షగా చేరింది. అయిదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొమ్ము తిరిగి ఇచ్చేస్తే పడేది ఆ శిక్షే. తోటలో పెట్టె కాయల కేసులు ఇకమీదట ఎక్కువగా ఈ దారిన పోతాయి. అప్పుడు తెగేది బాండు షరతు కాదు, సేవ ఉత్తర్వు. ఎందుకు తెగిందో కోర్టుకు చెప్పుకోవాల్సిన అవసరం మాత్రం మారదు.

బాండు మీద ఉన్నవారు ఊరు మారాల్సి వస్తే, వాయిదా తప్పితే, సమన్లు అందితే వారెంటు దాకా ఆగకుండా ఆర్డరు నకలు, బాండు కాగితం, ఆధార్ తీసుకుని దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార కమిటీని కలవాలి. జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబరు 15100. ఫోనుకు ఖర్చు లేదు, అర్హులకు వకీలుకూ ఖర్చు లేదు.